ఇనుములో అతివాహకత: వద్దన్న చోటే దొరికింది

విద్యుత్తును ఏ మాత్రం నష్టం లేకుండా మోసే పదార్థాల కోసం వెతికేవాళ్ల మధ్య అర్ధ శతాబ్దం పాటు ఒక మాట నడిచింది: అయస్కాంత మూలకాల జోలికి పోవద్దు. ఆ మాట వెనక అనుభవం ఉంది. 1958లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో బెర్న్డ్ మథియాస్ బృందం లాంథనం లోహంలో గాడోలినియం కొద్దికొద్దిగా కలిపి చూసింది. లాంథనం సుమారు 6 కెల్విన్ దగ్గర (సున్నా కెల్విన్ అంటే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) అతివాహకంగా, అంటే సూపర్‌కండక్టర్‌గా మారుతుంది. గాడోలినియం ఒక శాతం దాకా చేరేసరికి ఆ గుణం పూర్తిగా పోయింది. వందకు ఒక్క అయస్కాంత పరమాణువే ఇంత చెరుపు చేస్తే, ఇక ఇనుము సంగతి చెప్పేదేముంది? అయస్కాంతం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చే లోహమే అది.

2001లో జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయ పరిశోధకులు స్వచ్ఛమైన ఇనుములోనూ అతివాహకతను చూపించారు. అయితే అందుకోసం ఇనుమును వాతావరణ పీడనానికి దాదాపు లక్షన్నర రెట్లు, అంతకు మించి కూడా నొక్కాల్సి వచ్చింది. ఉష్ణోగ్రతను 2 కెల్విన్ కన్నా దిగువకు దించాల్సి వచ్చింది. అంత పీడనంలో ఇనుము స్ఫటిక నిర్మాణం మారిపోతుంది, మనకు తెలిసిన అయస్కాంత గుణం పోతుంది. అంటే ఆ ప్రయోగం పాత నియమాన్ని కాదనలేదు. ఇనుము తన అయస్కాంతత్వాన్ని వదులుకున్నాకే అతివాహకం కాగలిగింది.

ఆ తర్వాత ఏడేళ్లకు, 2008 ఫిబ్రవరిలో, టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుంచి హిదియో హొసోనో బృందం ఒక చిన్న పత్రం ప్రచురించింది. యోయిచి కామిహరా దాని మొదటి రచయిత. లాంథనం, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్ కలిసిన స్ఫటికంలో కొంత ఆక్సిజన్‌ను తీసి ఫ్లోరిన్ పెడితే, మామూలు పీడనంలోనే, 26 కెల్విన్ దగ్గర అతివాహకత మొదలవుతోందన్నది అందులోని సారాంశం. ఇక్కడ ఇనుము ఎక్కడో ఓ మూల కలిసిన మలినం కాదు. కరెంటు నడిచేదే ఇనుము పొరల్లో.

హొసోనో బృందం నిజానికి అతివాహకాల కోసం వెతకలేదు. వాళ్ల పని పారదర్శకమైన అర్ధవాహకాల మీద. ఇవాళ టీవీ, మొబైల్ తెరల్లో వాడే ఇండియం గాలియం జింక్ ఆక్సైడ్ ట్రాన్సిస్టర్ కూడా ఆ ప్రయోగశాల నుంచి వచ్చిందే. రాగి, గంధకం ఉన్న పొరల స్ఫటికాలను పరిశీలిస్తూ, రాగి స్థానంలో ఇనుము లాంటి అయస్కాంత మూలకం పెడితే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నారు. 2006లో లాంథనం, ఇనుము, ఫాస్ఫరస్, ఆక్సిజన్ ఉన్న స్ఫటికంలో 4 కెల్విన్ దగ్గర అతివాహకత కనిపించింది. అంత తక్కువ ఉష్ణోగ్రత కావడంతో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్ పెట్టాకే పరిస్థితి మారింది.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. ఆర్సెనిక్ ఉన్న ఈ స్ఫటికాల కుటుంబాన్ని జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో వోల్ఫ్‌గాంగ్ యైట్ష్కో బృందం 2000లోనే తయారుచేసి నిర్మాణాన్ని వివరించింది. తర్వాత ప్రసిద్ధికెక్కిన బేరియం, ఇనుము, ఆర్సెనిక్ స్ఫటికం 1980 నుంచే రసాయన శాస్త్రవేత్తలకు తెలుసు. ఇనుము, సెలీనియం కలిసిన సమ్మేళనమైతే ఇంకా పాతది. పదార్థాలన్నీ కళ్ల ముందే ఉన్నాయి. వాటిలో సరైన మోతాదులో మార్పు చేసి, చల్లబరిచి, నిరోధం కొలిచి చూడాలన్న ఆలోచనే లేదు. మథియాస్ నియమం ప్రయోగాలకు దారి చూపింది. ఎటు చూడకూడదో చెప్పి కొన్ని దశాబ్దాల ఆలస్యానికీ కారణమైందని అనుకోవడానికి ఇక్కడ గట్టి ఆధారమే ఉంది.

ఆ ఫిబ్రవరి తర్వాతి రెండు మూడు నెలలు పదార్థ విజ్ఞానంలో అరుదుగా వచ్చే రోజులు. జపాన్‌లోనే ఇదే స్ఫటికాన్ని నొక్కి 43 కెల్విన్ దాకా తెచ్చారు. లాంథనం స్థానంలో దానికన్నా చిన్న పరమాణువులు పెడితే స్ఫటికం తనంతట తానే కుదించుకుపోతుంది, బయటి పీడనం అక్కర్లేదు. ఈ ఆలోచనతో చైనా ప్రయోగశాలలు ముందుకు దూసుకెళ్లాయి. హెఫైలో చెన్ షియాన్‌హూయి బృందం సమేరియంతో 43 కెల్విన్, బీజింగ్‌లో వాంగ్ నాన్‌లిన్ బృందం సీరియంతో 41 కెల్విన్ సాధించాయి. బీజింగ్‌లోనే జావో జోంగ్‌షియాన్ బృందం సమేరియం స్ఫటికాన్ని 55 కెల్విన్‌కు చేర్చింది. గాడోలినియం స్ఫటికంలో కొంత థోరియం కలిపి ఝెజియాంగ్ విశ్వవిద్యాలయం 56 కెల్విన్ చూపించింది. అర్ధ శతాబ్దం కిందట ఒక్క శాతంతో అతివాహకతను చంపిన గాడోలినియమే ఇక్కడ ఇనుము పొరల పక్కన నిండుగా కూర్చుని ఏ హానీ చేయలేదు. ఈ కృషికి చైనా ప్రభుత్వం 2013 సంవత్సరానికి తమ ప్రకృతి విజ్ఞాన పురస్కారంలో మొదటి శ్రేణిని ఇచ్చింది. అంతకు ముందు మూడేళ్లు ఆ శ్రేణిలో ఎవరికీ ఇవ్వలేదు.

ఈ ఉష్ణోగ్రతల పోటీ ఆసక్తికరమే. కానీ ఇనుప స్ఫటికాల అసలు విలువ ఆ అంకెల్లో లేదు. రాగి ఆక్సైడ్ అతివాహకాలు వాటిని ఎప్పుడో దాటేశాయి. ఇనుము ఇచ్చింది రెండో ఉదాహరణ. ఒక వింతకు ఒకే ఉదాహరణ ఉన్నప్పుడు దానిలో ఏది కారణం, ఏది కాకతాళీయం అన్నది తేల్చడం దాదాపు అసాధ్యం. రెండోది దొరికినప్పుడు పోల్చి చూడవచ్చు. ఈ మాట అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో హైక్ కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని ద్రవ హీలియంతో చల్లబరిచినప్పుడు 4.2 కెల్విన్ దగ్గర దాని విద్యుత్ నిరోధం ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ మరో గుణం కనిపెట్టారు. అతివాహకం తనలోంచి అయస్కాంత క్షేత్రాన్ని బయటకు నెట్టేస్తుంది. ఎందుకిలా జరుగుతుందో 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ వివరించారు. స్ఫటికంలో ప్రయాణించే ఎలక్ట్రాన్ చుట్టుపక్కల ధనావేశ అయాన్లను కొద్దిగా తనవైపు లాగుతుంది. అయాన్లు బరువైనవి కనుక ఎలక్ట్రాన్ వెళ్లిపోయాక కూడా ఆ వంపు కాసేపు మిగులుతుంది, అది మరో ఎలక్ట్రాన్‌ను ఆకర్షిస్తుంది. ఇలా స్ఫటికపు కంపనాల సాయంతో ఎలక్ట్రాన్లు జతకడతాయి. ప్రతి ఎలక్ట్రాన్‌నూ ఒక బుల్లి అయస్కాంతంలా చేసే గుణాన్ని స్పిన్ అంటారు, జతలో రెండింటి స్పిన్లు వ్యతిరేక దిశల్లో ఉంటాయి. ఈ జతలన్నీ కలిసి ఒకే క్వాంటం స్థితిలో నడవడం వల్ల వాటిని దారి తప్పించడం కష్టమవుతుంది. అయస్కాంత పరమాణువు దగ్గరికొస్తే అది జతలోని రెండు స్పిన్ల మీద రెండు రకాలుగా పనిచేసి జతను విడదీస్తుంది. గాడోలినియం చేసింది అదే. మథియాస్ నియమానికి సిద్ధాంతపు బలం ఇక్కడిది.

ఆ సిద్ధాంతం పాదరసం, సీసం, నియోబియం లాంటి లోహాలకు చక్కగా సరిపోయింది. 1986లో జ్యూరిక్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నార్జ్, మ్యూలర్ లాంథనం, బేరియం కలిసిన రాగి ఆక్సైడ్‌లో 30 కెల్విన్ పైన అతివాహకత చూశారు. మరుసటి ఏడాది ఇట్రియం ఉన్న రాగి ఆక్సైడ్ 93 కెల్విన్‌కు చేరి, ద్రవ నత్రజని ఉష్ణోగ్రత అయిన 77ను దాటింది. స్ఫటిక కంపనాలతో దీన్ని వివరించడం కుదరలేదు. ఈ రాగి ఆక్సైడ్ల మాతృ స్ఫటికాల్లో, అంటే వేరే పరమాణువులు కలపక ముందటి స్ఫటికాల్లో, పక్కపక్క రాగి పరమాణువుల స్పిన్లు ఒకదానికొకటి ఎదురు దిశల్లో నిలుస్తాయి. అదొక రకం అయస్కాంత క్రమం, దాన్ని యాంటీఫెర్రో అంటారు. కాబట్టి జతలు కట్టించేది అయస్కాంతత్వమే కావచ్చునన్న వాదన అప్పుడే మొదలైంది. కానీ ఆ మాతృ స్ఫటికాలు కరెంటు పారని బంధకాలు కూడా. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి గట్టిగా అడ్డుకోవడం వల్ల వచ్చిన బంధక స్థితి అది. అలాంటి స్థితి లేకుండా ఇంత అతివాహకత రాదా? రాగిలో లాగా ఒకే ఒక్క ఎలక్ట్రాన్ కక్ష్య ముఖ్యం కావాలా? రాగి పొర ఏ మలినం లేకుండా ఉండాలా? ఇరవయ్యేళ్లు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే వీల్లేకపోయింది, పోల్చడానికి రెండో కుటుంబం లేదు గనుక.

ఇనుప స్ఫటికాల నిర్మాణాన్ని ఊహించడం కష్టం కాదు. వాకిట్లో చుక్కల ముగ్గుకు సమదూరంలో పెట్టిన చుక్కలే ఇనుము పరమాణువులు అనుకోండి. ప్రతి నాలుగు చుక్కల నడుమ ఖాళీలో ఒక ఆర్సెనిక్ పరమాణువు ఉంటుంది. అయితే అది నేల మీద ఉండదు. ఒక గడిలో కాస్త పైన, పక్క గడిలో కాస్త కింద, ఇలా మార్చి మార్చి ఉంటుంది. దాంతో ప్రతి ఇనుము చుట్టూ నాలుగు ఆర్సెనిక్‌లు చేరి చతుర్ముఖి ఆకారం ఏర్పడుతుంది. ఈ పొరే అన్ని ఇనుప అతివాహకాలకూ మూలం. పొరల మధ్య ఏముందన్నదాన్ని బట్టి కుటుంబాలు మారతాయి. లాంథనం ఆక్సైడ్ పొర ఉంటే హొసోనో స్ఫటికం. బేరియం పరమాణువులుంటే మ్యూనిక్‌లో డిర్క్ యోరెంట్ బృందం 2008లో పొటాషియం కలిపి 38 కెల్విన్ సాధించిన స్ఫటికం. లిథియం ఉంటే 18 కెల్విన్ అతివాహకం. మధ్యలో ఏమీ లేకుండా, ఆర్సెనిక్ బదులు సెలీనియం ఉంటే అన్నిటికన్నా సరళమైన ఐరన్ సెలినైడ్. తైవాన్‌లో వూ మావ్‌కున్ బృందం అదే ఏడాది దానిలో 8 కెల్విన్ అతివాహకత చూపించింది.

చతుర్ముఖి ఆకారం కూడా ముఖ్యమే. ఆర్సెనిక్, ఇనుము, ఆర్సెనిక్ మధ్య కోణం సరిసమానమైన చతుర్ముఖికి ఉండాల్సిన 109.5 డిగ్రీలకు ఎంత దగ్గరగా ఉంటే, అతివాహక ఉష్ణోగ్రత సాధారణంగా అంత ఎక్కువగా ఉంటుందని జపాన్ పరిశోధకులు త్వరలోనే గమనించారు. సమేరియం స్ఫటికం దానికి బాగా దగ్గర, లాంథనం స్ఫటికం కాస్త దూరం. పరమాణువుల స్థానాల్లో ఇంత స్వల్ప తేడా ఉష్ణోగ్రతను రెట్టింపు చేయగలగడం రసాయన శాస్త్రవేత్తకు గొప్ప అవకాశం.

ఇప్పుడు అయస్కాంతత్వం సంగతి. 2008 వేసవిలోనే డై పెంగ్‌చెంగ్ బృందం న్యూట్రాన్లతో మాతృ స్ఫటికాన్ని పరీక్షించింది. ఫ్లోరిన్ కలపని లాంథనం స్ఫటికాన్ని చల్లబరిస్తే సుమారు 155 కెల్విన్ దగ్గర చదరంగా ఉన్న గడులు కొద్దిగా దీర్ఘ చతురస్రాలవుతాయి. 137 కెల్విన్ దగ్గర ఇనుము స్పిన్లు చారలుగా అమరుతాయి. ఒక దిశలో వెళ్తే స్పిన్లు మారి మారి వస్తాయి, దానికి అడ్డంగా వెళ్తే అన్నీ ఒకే వైపు ఉంటాయి. ఫ్లోరిన్ కలిపే కొద్దీ ఈ క్రమం బలహీనపడి మాయమవుతుంది, అక్కడే అతివాహకత మొదలవుతుంది. రాగి ఆక్సైడ్లలో కనిపించిన చిత్రమే ఇది.

అదే చిత్రమైనా ఒక పెద్ద తేడా ఉంది. ఇనుప మాతృ స్ఫటికాలు బంధకాలు కావు. మంచివి కాకపోయినా లోహాలే. అంటే బంధక స్థితి అవసరం లేదని తేలిపోయింది. ఇక రాగి పొరలో వేరే పరమాణువు కొద్దిగా చేరినా అతివాహకత చెడిపోతుంది. ఇనుము పొరలోనే కోబాల్ట్ కలిపినప్పుడు ఏం జరిగిందో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో 2008లోనే చూశారు. బేరియం స్ఫటికంలో పదింట ఒక ఇనుము స్థానంలో కోబాల్ట్ పెడితే 22 కెల్విన్ అతివాహకత పుట్టింది. కోబాల్ట్ కూడా అయస్కాంత లోహమే! పొర శుభ్రంగా ఉండాలన్న నియమం కూడా అలా పోయింది. అసలు ఎలక్ట్రాన్లను చేర్చడం, తీయడం కూడా తప్పనిసరి కాదు. ఆర్సెనిక్‌లో కొంత తీసి, దాని వర్గంలోనిదే అయిన ఫాస్ఫరస్ పెట్టినా, లేదా స్ఫటికాన్ని ఊరికే నొక్కినా అయస్కాంత క్రమం కరిగి 30 కెల్విన్ దగ్గరి అతివాహకత వస్తుంది. దారి ఏదైనా కావచ్చు, అయస్కాంత క్రమం చెదిరే అంచుకు చేరాలి. రెండు కుటుంబాల్లోనూ మిగిలిన సామాన్య లక్షణం ఇదే.

అయితే స్ఫటిక కంపనాల పాత్ర ఏమీ లేదని ఎలా చెప్పగలం? లిలియా బోయెరీ, సహచరులు 2008లోనే లెక్కగట్టి చూశారు. కంపనాలు ఒక్కటే జతకట్టిస్తే లాంథనం స్ఫటికంలో అతివాహక ఉష్ణోగ్రత ఒక కెల్విన్ కూడా దాటదని తేలింది. కనిపిస్తున్నది 26.

అప్పుడు అయస్కాంతత్వం జతలెలా కట్టిస్తుంది? ఇనుములో ఐదు డి కక్ష్యల ఎలక్ట్రాన్లూ విద్యుత్తులో పాల్గొంటాయి. దాంతో ఎలక్ట్రాన్ల ద్రవ్యవేగాలను పటంగా గీస్తే ఒకే పెద్ద వలయం కాకుండా విడివిడి చిన్న మడుగులు కనిపిస్తాయి. నడిమధ్యలో హోల్ (ఎలక్ట్రాన్ ఉండాల్సిన చోట ఖాళీ) మడుగులు, అంచుల్లో ఎలక్ట్రాన్ మడుగులు. మధ్య నుంచి అంచుకు ఉన్న దూరం, న్యూట్రాన్లు చూపించిన అయస్కాంత చారల లయతో కచ్చితంగా సరిపోతుంది. ఈ పోలిక ఆధారంగా ఇగోర్ మాజిన్ బృందం, జపాన్‌లో కజుహికో కురోకి బృందం 2008లో విడివిడిగా ఒక ప్రతిపాదన చేశాయి. అయస్కాంత కంపనాలు, అంటే స్పిన్ల ఊగిసలాట, రెండు మడుగుల మధ్య ఎలక్ట్రాన్లను అటూ ఇటూ మారుస్తాయి. ఆ ప్రభావం ఆకర్షణ కాదు, వికర్షణ. కానీ జతల తరంగానికి ఒక మడుగులో ధన గుర్తు, రెండోదాంట్లో రుణ గుర్తు ఉంటే, వికర్షణే జతలను నిలబెట్టే శక్తి అవుతుంది. దీనికి ఎస్ ప్లస్ మైనస్ అని పేరు. రాగి ఆక్సైడ్లలోనూ జతల తరంగం గుర్తు మారుతుంది, కాకపోతే అక్కడ ఒకే వలయం మీద దిశ మారే కొద్దీ మారుతుంది. అందుకని మధ్యలో కొన్ని దిశల్లో జతల బలం సున్నా అవుతుంది. ఇనుములో గుర్తు మారే చోట ఎలక్ట్రాన్లే ఉండవు కాబట్టి చాలా స్ఫటికాల్లో అలాంటి సున్నాలు లేవు. డింగ్ హాంగ్ బృందం బేరియం, పొటాషియం స్ఫటికం మీద కాంతి పడేసి ఎలక్ట్రాన్లను బయటకు రప్పించే పద్ధతిలో కొలిచినప్పుడు అన్ని దిశల్లోనూ జతల బలం నిండుగా కనిపించింది.

గుర్తును నేరుగా చూడలేం. దాని జాడలు మాత్రం దొరికాయి. గుర్తులు ఎదురెదురుగా ఉంటే, అతివాహక స్థితిలోకి వెళ్లగానే న్యూట్రాన్ ప్రయోగంలో ఒక నిర్దిష్ట శక్తి దగ్గర కొత్త శిఖరం రావాలి. బ్రిటన్‌లోని ఐసిస్ న్యూట్రాన్ కేంద్రంలో 2008లో అది 14 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కనిపించింది. 2010లో జపాన్ పరిశోధకుడు తెత్సువో హనగురి బృందం, ఐరన్ సెలినైడ్‌లో టెలూరియం కలిసిన స్ఫటికం ఉపరితలాన్ని సూక్ష్మమైన సూదితో తడిమి, అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ అలల మార్పును చూసి అదే నిర్ణయానికి వచ్చింది. అందరూ ఒప్పుకోలేదు. గుర్తు మారే జతలు మలినాలకు సులువుగా చెదరాలి కదా, మరి కోబాల్ట్ కలిపినా ఎలా నిలిచాయని హిరోషి కొంతాని, సెయిచిరో ఒనారి అడిగారు. స్పిన్లు కాదు, కక్ష్యల్లో ఎలక్ట్రాన్ల ఊగిసలాటే మూలమని వాళ్ల వాదన. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు.

ఎందుకంటే అయస్కాంత చారల కన్నా ముందే ఇంకేదో జరుగుతోంది. చదరపు గడులు దీర్ఘ చతురస్రాలవడం చూడ్డానికి చిన్న మార్పే. స్టాన్‌ఫోర్డ్‌లో ఇయాన్ ఫిషర్ బృందం 2010లో స్ఫటికాన్ని ఒక పక్క నుంచి కొద్దిగా నొక్కి పట్టి, రెండు దిశల్లో నిరోధం కొలిచింది. గడుల పొడవుల్లో తేడా ఒక శాతం కూడా లేదు, నిరోధంలో తేడా మాత్రం చాలా ఎక్కువ. పైగా స్పిన్లన్నీ ఒకే వైపున్న దిశలోనే నిరోధం ఎక్కువ, మామూలు అంచనాకు ఇది విరుద్ధం. స్ఫటికం మారినందువల్ల ఎలక్ట్రాన్లు మారలేదు, ఎలక్ట్రాన్లే ముందు ఒక దిశను ఎంచుకుంటే స్ఫటికం వాటి వెంట వెళ్లిందని రెండేళ్ల తర్వాత అదే బృందం నిరూపించింది. దీన్ని నెమాటిక్ స్థితి అంటున్నారు. ఐరన్ సెలినైడ్‌లోనైతే 90 కెల్విన్ దగ్గర ఈ స్థితి వస్తుంది, ఆ తర్వాత ఎంత చల్లబరిచినా మామూలు పీడనంలో అయస్కాంత క్రమం రానే రాదు. నేరుగా 8 కెల్విన్ దగ్గర అతివాహకత వస్తుంది. అయస్కాంతత్వమే అన్నిటికీ మూలమైతే, క్రమబద్ధమైన అయస్కాంతత్వం లేని చోట ఇదెలా? న్యూట్రాన్లు అక్కడా బలమైన అయస్కాంత కంపనాలను చూపిస్తాయి, కాబట్టి క్రమం రాకపోయినా కంపనాలు చాలునని ఒక జవాబు. కక్ష్యలవాళ్ల జవాబు వేరు. ఈ స్ఫటికాల్లో స్పిన్, కక్ష్య, జాలకం (పరమాణువుల అమరిక) మూడూ ఒకదానితో ఒకటి అల్లుకుని ఉన్నాయి, ఒక దాన్ని కదిలిస్తే మిగతా రెండూ కదులుతాయి. ఒకటే కారణం అని తేల్చాలన్న పట్టుదలే ఇక్కడ సరైంది కాకపోవచ్చు.

ఐరన్ సెలినైడ్ అంతకన్నా పెద్ద చిక్కు తెచ్చింది. ఈ స్ఫటికం చాలా సున్నితం. ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్ కావా బృందం చూపినట్టు, ఇనుము వంద సెలీనియంకు 101 పాళ్లుంటే అతివాహకత 8.5 కెల్విన్, 103 పాళ్లుంటే లేనే లేదు. నొక్కితే 37 కెల్విన్ దాకా పెరుగుతుంది. 2012లో బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో షూ చికున్ బృందం స్ట్రాన్షియం టైటనేట్ మీద ఒకే ఒక్క పొర మందంలో ఐరన్ సెలినైడ్‌ను పెంచింది. 8 కెల్విన్ పదార్థంలో, జతల బలాన్ని బట్టి చూస్తే, 65 కెల్విన్ దాకా అతివాహకతకు సంబంధించిన సంకేతాలు కనిపించాయి. నిరోధం సున్నా కావడం అంతకు చాలా దిగువనే జరిగింది, ఈ తేడాను మరిచిపోకూడదు. షాంఘై నుంచి 2015లో వందకు పైబడిన అంకె కూడా వచ్చింది కానీ అది ఇతర ప్రయోగశాలల్లో నిలదొక్కుకోలేదు.

ఈ ఒంటి పొరలో నడిమధ్య హోల్ మడుగులు లేవు. అంచుల్లోని ఎలక్ట్రాన్ మడుగులే ఉన్నాయి. పొటాషియం చొప్పించిన ఐరన్ సెలినైడ్ 30 కెల్విన్ దగ్గర, లిథియం, ఐరన్ హైడ్రాక్సైడ్ పొర చొప్పించినది 40 కెల్విన్ దగ్గర అతివాహకాలవుతాయి. వాటిలోనూ ఇదే సంగతి. రెండు మడుగుల మధ్య మార్పిడే జతలకు మూలమని చెప్పిన కథలో, ఒక మడుగు లేనప్పుడు అతివాహకత తగ్గాలి. ఇక్కడ పెరిగింది. కింద ఉన్న టైటనేట్ కంపనాలు సాయం చేస్తున్నాయని కొందరు, ఎలక్ట్రాన్ మడుగుల మధ్యే గుర్తు మారుతోందని ఇంకొందరు అంటున్నారు. టైటనేట్ లేని చొప్పించిన స్ఫటికాలు కూడా 40 దాకా వెళ్లాయంటే, ఎలక్ట్రాన్లు ఎక్కువగా చేరడమే సగం పని చేస్తోందనీ, మిగతా సగానికి టైటనేట్ తోడవుతోందనీ అనుకోవడం ఆధారాలకు దగ్గరగా ఉంది. ఏదేమైనా, రాగితో పోల్చి నేర్చుకున్న పాఠం ఇక్కడ ఇనుము కుటుంబం లోపలే మళ్లీ ఎదురైంది. తప్పనిసరి అనుకున్న హోల్ మడుగులు తప్పనిసరి కాదు.

టెలూరియం కలిసిన ఐరన్ సెలినైడ్ వేరే కారణంతో వార్తల్లోకెక్కింది. 14.5 కెల్విన్ దగ్గర అతివాహకమయ్యే ఈ స్ఫటికం ఉపరితలం టోపలాజికల్ గుణం (లోపలి ఎలక్ట్రాన్ల అమరిక వల్ల ఉపరితలానికి వచ్చే ప్రత్యేక విద్యుత్ స్థితి) చూపిస్తుందని 2018లో టోక్యో ప్రయోగాలు చెప్పాయి. అదే ఏడాది బీజింగ్ బృందం అయస్కాంత సుడుల నడుమ మయొరానా స్థితులకు, అంటే తమకు తామే ప్రతికణాలైన కణాల్లా ప్రవర్తించే స్థితులకు, తగిన సంకేతాలు చూసింది. క్వాంటం కంప్యూటర్ల కోణంలో దాని మీద పని సాగుతోంది.

ఉపయోగం విషయానికొస్తే, 77 కెల్విన్ దాటని పదార్థం ఎందుకు పనికొస్తుందన్న ప్రశ్న సహజం. కానీ బలమైన అయస్కాంతాలకు అతివాహక ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు. హైదరాబాద్, విశాఖ ఆసుపత్రుల్లోని ఎంఆర్ఐ యంత్రాల్లో చుట్టి ఉండేది నియోబియం, టైటానియం తీగ. దాని అతివాహక ఉష్ణోగ్రత 9 కెల్విన్‌కు కాస్త ఎక్కువ. యూరప్ కణ భౌతిక కేంద్రమైన సెర్న్‌లో ప్రోటాన్లను ఢీకొట్టించే 27 కిలోమీటర్ల ఎల్‌హెచ్‌సీ యంత్రపు అయస్కాంతాలు కూడా ఆ తీగతోనే 1.9 కెల్విన్‌లో 8.3 టెస్లాల (టెస్లా అయస్కాంత క్షేత్రపు కొలత) క్షేత్రం ఇస్తాయి. ఆ తీగ పది టెస్లాలు దాటాక ఎక్కువ దూరం వెళ్లలేదు. నియోబియం టిన్ తీగ దాదాపు 30 టెస్లాల దగ్గర చేతులెత్తేస్తుంది. బేరియం, పొటాషియం ఇనుప స్ఫటికం అతితక్కువ ఉష్ణోగ్రతలో 60 టెస్లాలకు పైనే తట్టుకుంటుంది. పైగా క్షేత్రం ఏ దిశ నుంచి వచ్చినా దాదాపు ఒకేలా తట్టుకుంటుంది. రాగి ఆక్సైడ్లు దిశ మారితే బలహీనపడతాయి.

తీగ తయారీలో ఇంకో చిక్కు ఉంది, సిద్ధాంతం ఆచరణలో అక్కరకొచ్చేది అక్కడే. పొడిని లోహపు గొట్టంలో నింపి సాగదీస్తే చిన్న చిన్న రేణువులు ఒక్కో వైపు తిరిగి ఉంటాయి. ఇట్రియం రాగి ఆక్సైడ్‌లో పక్క రేణువుల మధ్య కోణం 3 నుంచి 5 డిగ్రీలు దాటితే కరెంటు పడిపోతుంది. అందుకే దాన్ని లోహపు పట్టీ మీద పొరగా, చాలా ఖర్చుతో, ఒకే దిశలో పెంచాలి. హొసోనో బృందం 2011లో కోబాల్ట్ కలిపిన బేరియం స్ఫటికంలో ఈ హద్దు 9 డిగ్రీలని కొలిచింది. జతల తరంగం దిశను బట్టి మారకపోవడం, మాతృ స్ఫటికం బంధకం కాక లోహం కావడం, రెండూ ఇక్కడ కలిసొచ్చాయని చెప్పవచ్చు. దాంతో వెండి గొట్టంలో పొడి నింపి సాగదీసే పాత, చవక పద్ధతి పనికొచ్చింది. బీజింగ్‌లో మా యాన్‌వెయ్ బృందం స్ట్రాన్షియం ఉన్న ఇనుప అతివాహకంతో 2016లో మొదటిసారి వంద మీటర్ల తీగ చేసింది. 2019లో అలాంటి తీగ చుట్టను 24 టెస్లాల బయటి క్షేత్రంలో పెట్టి పరీక్షించినా అతివాహకంగానే ఉంది. చైనా శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన 100 కిలోమీటర్ల ప్రోటాన్ కొలైడర్ (ప్రోటాన్లను ఢీకొట్టించే యంత్రం) అయస్కాంతాలకు ఈ తీగను ఎంచుకోవాలన్న ఆలోచన ఈ ఫలితాల మీదే ఆధారపడింది. తీగలో ఆర్సెనిక్ ఉంది, తయారీలో పొటాషియం గాలి తగిలితే మండుతుంది, కాబట్టి పొడి కలపడమంతా ఆర్గాన్ వాయువు నింపిన పెట్టెల్లో జరగాలి. కొలైడర్‌కు కావాల్సింది వందల మీటర్లు కాదు, వేల కిలోమీటర్ల తీగ. అంత పొడవునా ఒకే నాణ్యత నిలపడం, వెండి బదులు రాగి గానీ ఉక్కు గానీ తొడిగి ఖర్చు తగ్గించడం ఇప్పుడు ఆ ప్రయోగశాలల ముందున్న పని.